కిరీటం వచ్చింది... నిద్ర పోయింది

అర్ధరాత్రి దాటింది. కోట మొత్తం నిద్రలో మునిగి ఉంది. ఓ గదిలో ముసలి రాజు ఆదమరిచి పడుకున్నాడు. ఆ కోట ఆయనది కాదు. తన సేనాని ఇంటికి చుట్టపుచూపుగా వచ్చాడు. విందు తిన్నాడు. ఇంటావిడకు ఓ వజ్రం కానుకగా పంపించి కళ్లు మూసుకున్నాడు.

బయట చీకట్లో ఆ ఇంటాయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఎదురుగా గాలిలో కత్తి వేలాడుతున్నట్టు కనిపిస్తోంది. పట్టుకోబోతే చేతికి అందడం లేదు. కాసేపట్లో గంట మోగుతుంది. అది అతని భార్య ఇచ్చే సైగ.

షేక్‌స్పియర్ 1606 ప్రాంతంలో రాసిన 'మాక్‌బెత్'లోని సన్నివేశమిది. డిగ్రీలో ఇంగ్లిష్ లిటరేచర్ చదివినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో... స్కాట్లాండ్ సేనాని మాక్‌బెత్ యుద్ధం గెలిచి వస్తుంటే దారిలో ముగ్గురు మంత్రగత్తెలు ఎదురవుతారు. నువ్వు కాడర్‌కు ప్రభువవుతావు, ఆ తరువాత రాజువే అవుతావు అంటారు. పక్కనే ఉన్న స్నేహితుడు బాంకోకు సింహాసనం దక్కదట, కానీ అతని వంశంలో రాజులు పుడతారట. కాసేపటికే మొదటి మాట నిజమై కూర్చుంటుంది. రాజు డంకన్ అతనికి కాడర్ ప్రభువు పదవి ఇచ్చినట్టు కబురొస్తుంది. ఇంకేముంది, రెండోది కూడా నిజం చేసుకోవాలన్న ఆశ లోపల పురుగులా తొలవడం మొదలుపెడుతుంది. భార్యకు ఉత్తరం రాస్తాడు. ఆవిడ అతని కంటే రెండాకులు ఎక్కువే చదివింది. సరిగ్గా అప్పుడే డంకన్ వాళ్లింటికి అతిథిగా వస్తాడు. పొడిచి చంపేస్తారు. నేరం కాపలావాళ్ల మీదికి నెట్టేస్తారు. కిరీటం వస్తుంది. చివరికి ఆవిడా పోతుంది, అతని తలా తెగుతుంది.

'అత్యాశ వల్ల మాక్‌బెత్ ఎలా నాశనమయ్యాడు?' డిగ్రీ పరీక్షల్లో మాకు గ్యారంటీ ప్రశ్న ఇది. గైడులోని జవాబు బట్టీపట్టి రాశాను. మార్కులు బాగానే వచ్చాయి. ఇన్నేళ్ల తరువాత మొన్న ఆ నాటకాన్ని తీరిగ్గా చదువుతుంటే, ఆ జవాబు సగమే కరెక్టేమోనని అనుమానం వచ్చింది. అయిదంకాల నాటకంలో డంకన్ హత్య రెండో అంకంలోనే అయిపోతుంది. కోరుకున్న కిరీటమూ దొరికేస్తుంది. ఆశ చేయాల్సిన పని అక్కడితో సరి. మరి మిగతా నాటకమంతా అతన్ని తిన్నదేమిటి?

తెలిసే చేశాడు

హత్యకు ముందు మాక్‌బెత్ విందు మధ్యలోంచి లేచి బయటికి వచ్చేస్తాడు. ఒంటరిగా లెక్కలు వేసుకుంటాడు. డంకన్ తనకు దగ్గరి బంధువు. తను ఆయన ఉప్పు తింటున్నవాడు. అన్నిటికీ మించి ఈ రాత్రి ఆయన తన ఇంటి అతిథి, ఆయనకు కాపలా కాయాల్సినవాడే తను. పోనీ చెడ్డ రాజా అంటే అదీ కాదు, జనం మెచ్చిన మంచి మనిషి. ఇటువైపు చూసుకుంటే తన ఆశ తప్ప చెప్పుకోవడానికి ఒక్క కారణం కూడా లేదు. ఈ మాట అతనే ఒప్పుకుంటాడు. వద్దులే అని భార్యతో చెప్పేస్తాడు కూడా. ఆవిడ మగతనాన్ని ఎత్తి పొడుస్తుంది. దాంతో మళ్లీ కత్తి పడతాడు.

మన సినిమాల్లో విలన్‌కు ఈ బాధ ఉండదు. తప్పు చేస్తాడు, పెద్దగా నవ్వుతాడు, భోంచేసి పడుకుంటాడు. మాక్‌బెత్ అలా కాదు. తను చేయబోయేది ఎంత తప్పో ఆ కోటలో అందరికంటే అతనికే బాగా తెలుసు. విమర్శకులు అతన్ని విలన్ అనకుండా విషాద నాయకుడు అనడానికి అసలు కారణం ఇదేనని నాకనిపిస్తుంది. మనస్సాక్షి లేనివాడి కథైతే పోలీసు రికార్డులో ఉండేది, నాటకం అయ్యేది కాదు.

చంపి వచ్చాక అతను చెప్పే మాటలు వినాలి. పక్క గదిలో ఎవరో నిద్రలో దేవుణ్ని తలుచుకున్నారట. దానికి 'ఆమెన్' అనబోతే తన నోరు పెగల్లేదట. ఇక జన్మలో నీకు నిద్ర లేదంటూ ఏదో గొంతు కోటంతా వినిపించిందట. చేతుల్లో నెత్తుటి కత్తులు అలాగే ఉన్నాయి, అక్కడ పడేసి రావాలన్న ధ్యాస కూడా లేదు. తిరిగి ఆ గదిలోకి పోవడానికి వణికిపోతాడు. ఆ కత్తులు తీసుకెళ్లి పెట్టి వచ్చింది భార్యే. నీళ్లు పోసి కడుక్కుంటే పోయేదానికి ఇంత గొడవేమిటన్నది ఆవిడ ధోరణి. (ఆవిడ రాయి అనుకునేరు. నిద్రలో డంకన్ ముఖం తన తండ్రిలా ఉందనీ, లేకపోతే తనే పొడిచేదాన్ననీ అంతకుముందే ఒక మాట జారుతుంది. ఆ బీట గుర్తుంచుకోండి.)

నిద్రపోతున్నవాళ్లను చంపడం అనగానే మనకు గుర్తొచ్చేది అశ్వత్థామ. అర్ధరాత్రి పాండవ శిబిరంలోకి దూరి ఉపపాండవులను చంపినవాడు. అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తే ఆవిడ ఏమంటుందో పోతన భాగవతం చదివిన ప్రతి తెలుగు ఇంటికీ తెలుసు. గురుపుత్రుణ్ని వదిలేయండి, నాలాగా వాళ్లమ్మ ఏడవకూడదు అంటుంది. తలమీది మణి కోసి పంపేస్తారు. అశ్వత్థామకు కనీసం ఆ ఎదుట నిలబడే క్షణమైనా దొరికింది. సిగ్గుతో తలదించుకుంటాడు. మాక్‌బెత్‌కు అదీ లేదు. తెల్లారేసరికి తనే అందరికంటే ముందు గుండెలు బాదుకుని ఏడవాల్సి వచ్చింది. ఆ నటన ఇక ఆపడం కుదరలేదు.

అసలు మాక్‌బెత్ హాయిగానే ఉన్నాడు!

ఇక్కడో తమాషా సంగతి. మాక్‌బెత్ నిజంగానే స్కాట్లాండ్‌ను ఏలిన రాజు. 1040లో డంకన్‌ను చంపాడు, కానీ పక్క మీద కాదు, యుద్ధంలో. ఆ డంకన్ ముసలివాడూ కాదు. ఆ తరువాత మాక్‌బెత్ 1057 దాకా, అంటే పదిహేడేళ్లు రాజ్యం చేశాడు. మధ్యలో 1050లో రోమ్ యాత్రకు వెళ్లి అక్కడి పేదలకు డబ్బు పంచిపెట్టాడట. సింహాసనం మీద నమ్మకం లేనివాడు, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచేవాడు దేశం వదిలి అంత దూరం పోతాడా?

షేక్‌స్పియర్‌కు కథ దొరికింది హాలిన్షెడ్ చరిత్ర గ్రంథంలో. అందులో కూడా మాక్‌బెత్ మొదటి పదేళ్లు చక్కగా పాలించినట్టే ఉంది. షేక్‌స్పియర్ ఆ పదేళ్లనూ కత్తిరించేశాడు. హత్యకూ పతనానికీ మధ్య ఊపిరి తీసుకునే చోటే లేకుండా చేశాడు. ఇంకో మార్పు కూడా చేశాడు. హాలిన్షెడ్‌లో బాంకో హత్యలో భాగస్వామి. నాటకంలో మచ్చలేని మనిషి. దీని వెనక రాజకీయం ఉంది. 1603లో ఇంగ్లండ్ గద్దెనెక్కిన జేమ్స్ రాజు తనది బాంకో వంశమని చెప్పుకునేవాడు. పైగా 1605 నవంబర్‌లో పార్లమెంటుతో సహా ఆయన్ను మందుగుండుతో పేల్చేయాలన్న కుట్ర బయటపడింది. రాజహత్య మీద నాటకం వేస్తూ రాజుగారి పూర్వీకుణ్ని హంతకుడిగా చూపించేంత అమాయకుడు కాదు షేక్‌స్పియర్.

కారణం రాజకీయమే కావచ్చు, కథకు మాత్రం మేలే జరిగింది. బాంకో తప్పు చేయనివాడు కాబట్టే మాక్‌బెత్ అతన్ని భరించలేకపోతాడు.

సిగ్గు ఏం చేస్తుందంటే...

ఇది నాకు కొంచెం అనుభవమే. జర్నలిజం డిప్లొమా చేస్తున్న రోజుల్లో, క్లాస్‌మేట్ ఒకతను వారం రోజులు తిరిగి సేకరించిన వివరాలను నా అసైన్‌మెంట్‌లో వాడేసుకున్నాను. అడగలేదు. మెచ్చుకోలు నాకు దక్కింది. సిగ్గేసింది, నిజమే. కానీ ఆ సిగ్గుతో చేసిందేమిటి? వెళ్లి చెప్పానా? లేదు. అతను ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేదాన్ని. నెల గడిచేసరికి అతనికి పొగరెక్కువని నలుగురి దగ్గరా అనడం మొదలుపెట్టాను. పాపం అతను చేసిందల్లా నన్ను నమ్మి నోట్సు చూపించడమే!

మనం ఎవరికి అన్యాయం చేస్తామో వాళ్లంటేనే మనకు పడదు. వాళ్ల ముఖం మన తప్పును గుర్తుచేస్తూ ఉంటుంది మరి. బాంకోకు ఆ మంత్రగత్తెల మాటలు తెలుసు. స్నేహితుడి మీద అనుమానం ఉంది. అయినా నోరు తెరవడు. అతను బతికి ఉన్నంతకాలం మాక్‌బెత్‌కు ఆ రాత్రి గుర్తొస్తూనే ఉంటుంది. పైగా సింహాసనం అతని పిల్లలదన్న జోస్యం ఒకటి. కిరాయి హంతకుల్ని పెట్టి చంపిస్తాడు. కొడుకు తప్పించుకుంటాడు. ఆ రాత్రే విందు. రాజుగారి కుర్చీలో బాంకో ప్రేతం కూర్చుని ఉంటుంది, ఒక్క మాక్‌బెత్‌కే కనిపిస్తుంది. ఖాళీ కుర్చీని చూసి రాజు కేకలు పెడుతుంటే, ఆయనకు చిన్నప్పటి నుంచీ ఇలా వస్తూ ఉంటుందని భార్య అతిథులకు సర్దిచెబుతుంది. ఎంత ఇల్లాలి మాట!

మన భాషలో పశ్చాత్తాపం అని మంచి మాట ఉంది. తప్పు తరువాత పుట్టే తాపం. ఆ తాపం మాక్‌బెత్‌కు కావలసినంత ఉంది. కానీ ఆ వేడికి అతను వెనక్కి తిరగడు. వెనక్కి తిరిగితే కిరీటం వదలాలి. అది వదలడు. ఇంత దూరం వచ్చాక ముందుకు పోవడమే నయమని లెక్క కడతాడు. ఇక ఆ మంట ఆర్పుకోవడానికి ఒకటే దారి, ఏమీ అనిపించని స్థితికి చేరుకోవడం. అందుకు అతనికి తోచిన మందు ఇంకో హత్య. మాక్‌డఫ్ అనే ప్రభువు ఇంగ్లండ్‌కు పారిపోయాడని తెలియగానే అతని భార్యనూ పిల్లల్నీ చంపించేస్తాడు. వాళ్ల వల్ల సింహాసనానికి ఏ ముప్పూ లేదు. డంకన్‌ను చంపడానికి రాత్రంతా కొట్టుకులాడిన మనిషి, ఈసారి క్షణం కూడా ఆలోచించడు. ఇక నుంచి అనుకున్నది అనుకున్నట్టు చేసేయడమే అని నిర్ణయించేసుకుంటాడు.

మందు పనిచేసింది. చివరి అంకంలో ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తే అతనికి భయం కూడా వేయదు. భార్య పోయిందని చెబితే కన్నీరు రాదు, బతుకంతా ఉత్తదేనన్న నీరసం తప్ప. గాలిలో కత్తిని చూసి వణికినవాడు ఇతనేనా అనిపిస్తుంది. అడవి నడిచి వచ్చేదాకా ఓటమి లేదన్న జోస్యాన్ని పట్టుకుని కూర్చుంటాడు. శత్రు సైనికులు కొమ్మలు నరికి అడ్డం పెట్టుకుని రానే వస్తారు. తల్లి కడుపు కోసి బయటికి తీసిన మాక్‌డఫ్ చేతిలో చస్తాడు.

ఈ కథను ఎవరు తీసుకున్నా పాడవలేదు. 1957లో కురొసావా జపాన్ సమురాయ్‌ల మధ్యకు తీసుకెళ్లాడు. 2021లో వచ్చిన మలయాళ చిత్రం 'జోజి'లో అది రబ్బరు తోటల మధ్య ఓ కుటుంబ కథైంది. నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం విశాల్ భరద్వాజ్ 'మక్బూల్'. 2004లో విడుదలైంది. ముంబై మాఫియా కథ. ఇర్ఫాన్ ఖాన్ సరే, హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన టబును చూడాలి. మొదట్లో కళ్లతోనే మనిషిని ఉసిగొల్పిన అమ్మాయి చివర్లో లేని నెత్తుటి మరకల్ని చూసి విలవిల్లాడుతుంది.

ఎందుకంటే ఆ బీట వెడల్పైంది ఇల్లాలి దగ్గరే. భర్త మనసు మొద్దుబారేకొద్దీ ఆవిడది తెరుచుకుంటూ వచ్చింది. మాక్‌డఫ్ భార్యాబిడ్డల సంగతి ముందుగా ఆవిడకు చెప్పినట్టు నాటకంలో ఎక్కడా లేదు. బాంకోను చంపించేటప్పుడే నీకెందుకులే అని దాటవేశాడు. ఒకప్పుడు గుట్టంతా పంచుకున్న జంట, ఒకే కోటలో వేర్వేరు గదుల మనుషులైపోయారు.

చివరి అంకం మొదట్లో ఓ డాక్టరు, ఓ పరిచారిక చీకట్లో కాపు కాస్తుంటారు. రాణి నిద్రలో లేచి నడుస్తోందని పరిచారిక చెబుతుంది. ఏం మాట్లాడుతోందని అడిగితే మాత్రం చచ్చినా చెప్పనంటుంది. ఇంతలో ఆవిడే వస్తుంది. కళ్లు తెరిచే ఉంటాయి, చూపుండదు. చేతులు తోముకుంటూనే ఉంటుంది. కాసిని నీళ్లతో పోతుందన్న నెత్తురు ఎంతకీ వదలడం లేదు. ఇది నా వైద్యానికి లొంగే రోగం కాదని డాక్టరు చేతులెత్తేస్తాడు.

ఆవిడ చేతిలో కొవ్వొత్తి ఉంటుంది. అదెక్కడిదని డాక్టరు ముందే అడుగుతాడు. ఎప్పుడూ పక్కనే వెలుగుతూ ఉండాలని రాణిగారి ఆజ్ఞ అంటుంది పరిచారిక. డంకన్ రాక ముందు, తన కత్తి చేసే గాయం తనకే కనిపించనంత చీకటి కావాలని వేడుకున్నది ఈవిడే.