విమానం ఉంది, నడిపేవారేరీ?

సెలవులకు సామాన్లు సర్దుకుని ఛాంగి చేరాక "మీ విమానం రద్దయింది" అంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. "వాన తగ్గింది, విమానం ఎదురుగానే ఉంది, మరెందుకు ఎగరదు?" అని పిల్లలు అడుగుతారు. ఈసారి ఆ ప్రశ్నకే జవాబు.

పైలట్లు ఇన్ని గంటలకు మించి డ్యూటీ చేయకూడదని నిబంధన. వాన వల్ల మూడు గంటలు ఊరికే కూర్చున్నా అవి డ్యూటీ లెక్కలోకే వస్తాయి. గడువు దాటితే మరొకరు రావాలి. ఎయిర్‌బస్ 320కి మాత్రమే అర్హత ఉన్నవారు బోయింగ్ 777 నడపకూడదు. అర్హులు వేరే ఊళ్ళో చిక్కుకుని ఉండవచ్చు. వారిని ఇక్కడికి రప్పిస్తే రేపు అక్కడి విమానం ఆగుతుంది. ఒకచోట అతుకు వేస్తే మరోచోట చిరుగు!

పిల్లలూ, ఒక తమాషా వినండి. 2004 డిసెంబర్‌లో అమెరికాలోని కామ్‌ఎయిర్ సంస్థ మంచు తుఫాను వల్ల సిబ్బంది డ్యూటీలను మార్చీ మార్చీ, కంప్యూటర్ ఒక నెలలో లెక్కపెట్టగలిగిన 32 వేల పైచిలుకు మార్పులను దాటేసింది. అది కాస్తా మొరాయించింది. క్రిస్మస్ రోజున సుమారు 1,100 విమానాలు ఆగిపోయాయి.

మన దేశంలో 2025లో కొత్త నిబంధనలు వచ్చాయి. పైలట్ల వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. ఇండిగో అందుకు తగ్గట్టు సిద్ధం కాలేదు. డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. శంషాబాద్‌లోనూ ప్రయాణికులు నానా అవస్థలు పడ్డారు. చివరికి డీజీసీఏ ఆ సంస్థకు రాత్రి నిబంధనలను కొంతకాలం సడలించింది.

ఆ సడలింపు నాకు మింగుడుపడలేదు. 2010 మే 22న మంగళూరులో దుబాయ్ నుంచి వచ్చిన విమానం కూలి 158 మంది పోయారు. కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయి లేచిన మగత కూడా ఒక కారణమని విచారణలో తేలింది.

పెళ్ళికో, అయినవారి ఆఖరి చూపుకో బయలుదేరినవారికి రద్దు మాట ఎంత బాధో నాకు తెలుసు. కానీ "నా గంటలు అయిపోయాయి" అనే పైలట్ మనకు శత్రువు కాదు. అడగవలసింది, అదనపు సిబ్బందిని ఉంచుకోని సంస్థని. ముహూర్తానికి వెళ్ళేవారు మాత్రం ఒకరోజు ముందే బయలుదేరండి.

వచ్చే సంచికలో కలుద్దాం. శుభప్రయాణం!