పండుగ తర్వాతి శనివారం

తెలుగు సంఘాల్లో యవనస్థుల పరిచర్య రెండు విధాలుగా సాగుతుంది. ఒకటి వారం వారం జరిగే కూడిక. శనివారం సాయంత్రమో, ఆదివారం ఆరాధన అయ్యాకో, చర్చి హాల్లోనో పాస్టరు గారింటి వరండాలోనో పది పదిహేను మంది కూర్చుంటారు. రెండు పాటలు పాడతారు, ప్రార్థన చేస్తారు, ఒక వాక్యభాగం చదివి మాట్లాడుకుంటారు, ఒకరిద్దరు సాక్ష్యం చెబుతారు. రెండోది ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చే పెద్ద కార్యక్రమం. క్రిస్మస్ క్యారల్స్, పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్, ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన, వేసవిలో చిన్నపిల్లలకు నడిపే వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్), దసరా లేదా సంక్రాంతి సెలవుల్లో యూత్ రిట్రీట్ ఈ కోవలోవి. సంఘం డబ్బు, పెద్దల శ్రద్ధ, యవనస్థుల నిద్ర ఎక్కువగా ఈ రెండోదానికే ఖర్చవుతున్నాయి. డిసెంబరులో అరవై మంది ఉన్న యూత్ జనవరి రెండో వారానికి ఆరుగురికి ఎందుకు పడిపోతోందో తెలుసుకోవాలంటే ఈ రెండింటి మధ్య సంబంధాన్ని చూడాలి.

యవనస్థుల పరిచర్య చరిత్ర వేదికల మీద మొదలు కాలేదు. 1844 జూన్ 6న లండన్‌లో జార్జ్ విలియమ్స్ వైఎంసీఏను ప్రారంభించింది బట్టల దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్ల కోసం. ఊరు వదిలి వచ్చి, పొద్దస్తమానం పనిచేసి, రాత్రి ఎక్కడికి వెళ్లాలో తెలియని వాళ్లకు ప్రార్థన, చదువు, స్నేహం ఒకచోట దొరికేలా చేశారు. 1881 ఫిబ్రవరి 2న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు క్రిస్టియన్ ఎండెవర్ అనే సంఘాన్ని మొదలుపెట్టారు. అందులో ప్రతి సభ్యుడికీ కూడికలో ఏదో ఒక పాలు ఉండాలి, ఏదో ఒక కమిటీలో పని ఉండాలి. కూడికకు రాని వారిని వెతికి పలకరించే పనిని ఒక కమిటీకి అప్పగించారు. నేటి తెలుగు సంఘాలు అందుకోదగ్గది ముఖ్యంగా ఈ కమిటీ ఆలోచన.

తెలుగు నేలకు ఈ చరిత్రతో నేరుగా సంబంధం ఉంది. దోర్నకల్ తొలి బిషప్పు, ఆంగ్లికన్ సంఘంలో బిషప్పైన మొదటి భారతీయుడు వి.ఎస్. అజరయ్య 1895 నుంచి 1909 దాకా వైఎంసీఏ కార్యదర్శిగా పనిచేశారు. యవనస్థుల మధ్య ఆ అనుభవం సంపాదించాకే ఆయన దోర్నకల్ వచ్చారు. 1912 డిసెంబరులో బిషప్పయ్యారు. యూత్ పనిని పెద్దల పరిచర్యకు తోకలా చూసే సంఘ కమిటీలు ఈ ఒక్క జీవితాన్ని తెలుసుకున్నా చాలు.

ఇక నేటి యూత్ కార్యక్రమాలకు ప్రణాళిక వేసేవారు ముందుగా పరీక్షల కేలండరు చూడాలి. ఈస్టరు మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఏదో ఒక ఆదివారం వస్తుంది. దానికి ముందు వచ్చే శ్రమ దినాలు దాదాపు ఎప్పుడూ ఇంటరు, పదో తరగతి పరీక్షల మీదే పడతాయి. ఆ నలభై రోజుల్లో వారానికి రెండు రాత్రులు కీబోర్డు దగ్గర కూర్చోవాల్సిన పిల్లవాడు సరిగ్గా పరీక్ష రాసేవాడే అయి ఉంటాడు. ఆ రోజుల్లో పాటల బాధ్యతను డిగ్రీ పిల్లలకు, ఉద్యోగాల్లో ఉన్నవారికి ఇవ్వాలి. పరీక్ష రాసేవారిని ఇంటికి పంపి వారి కోసం ప్రార్థించడమూ పరిచర్యే. పల్లెల్లో పంటల కేలండరు కూడా చూడాలి. మిరప కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి గుంటూరు వైపుకు కుటుంబాలకు కుటుంబాలే పనికి తరలిపోతాయి. ఆ నెలల్లో సొంత ఊళ్లో పెట్టిన యూత్ మీటింగుకు జనం రాలేదని నొచ్చుకోవడంలో అర్థం లేదు.

పెద్ద కార్యక్రమాల్లో యవనస్థులు మనసు పెట్టి చేసేది క్యారల్స్. వెదురు కర్రకు కట్టిన నక్షత్రం, అందులో బల్బు, ట్రాలీ ఆటోలో బ్యాటరీ, కీబోర్డు, డప్పు, ఎర్ర బట్టల్లో క్రిస్మస్ తాత, వెనక నడిచే గుంపు. ప్రతి ఇంటి ముందూ రెండు పాటలు, ఒక ప్రార్థన, టీ, బిస్కెట్లో కేకు ముక్కో, కానుక కవరు. ఏటా పొరపాటు జరిగేది ఇళ్ల జాబితా దగ్గరే. ఒకే రాత్రి నలభై ఇళ్లు పెట్టుకుంటారు. పదకొండింటికి ఇంకా పాతిక ఇళ్లు మిగిలి ఉంటాయి. వరండాలో కుర్చీ వేసుకుని ఎదురుచూసిన ముసలమ్మ నిద్రపోతుంది. పాటలు ఒక చరణానికి కుదించుకుపోతాయి. పొరుగు వీధివాళ్లకు చిరాకు పుడుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా పండుగలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోవడం సంఘ పెద్దల పని. పోలీసు ముందు నిలబడి జవాబు చెప్పే పరిస్థితి పదహారేళ్ల కుర్రాడికి రానీయకూడదు.

లెక్క వేస్తే దారి దొరుకుతుంది. ఇంటికి పన్నెండు నిమిషాల చొప్పున పన్నెండు ఇళ్లకు దాదాపు రెండున్నర గంటలు. నడకకు మరో అరగంట. ఆరున్నరకు బయల్దేరితే తొమ్మిదిన్నరకు ముగుస్తుంది. నలభై ఇళ్లకు నాలుగు సాయంత్రాలు పెట్టుకోవాలి. అప్పుడు ఆడపిల్లలు కూడా రాగలుగుతారు. రాత్రి ఒంటిగంట దాకా తిరిగే క్యారల్స్‌లో వారికి చోటు ఉండదు కాబట్టే చాలా ఊళ్లలో వారి పాత్ర ముగ్గులు వేయడానికి, స్టేజీ మీద యాక్షన్ సాంగ్ చేయడానికి పరిమితమైంది.

జాబితాలో ఇళ్ల పేర్ల పక్కన ఒక్కో మాట రాసుకునే యూత్ ఆ రాత్రి మంచి పని చేస్తుంది. ఈ ఏడు చావు జరిగిన ఇల్లు, మంచాన పడ్డ మనిషి ఉన్న ఇల్లు, కొత్తగా కాపురం పెట్టిన ఇల్లు, రెండేళ్లుగా గుడికి రాని ఇల్లు. చావు జరిగిన ఇంటి ముందు డప్పు ఆపాలి, నెమ్మదైన పాట ఒక్కటి పాడాలి, ఇద్దరు లోపలికి వెళ్లి కూర్చోవాలి. అక్కడ కానుక కవరు కోసం చూడకూడదు. పండుగ అయ్యాక ఆ జాబితాను పారేయకుండా పాస్టరు గారికి ఇవ్వాలి. ఏ ఇంటికి మళ్లీ వెళ్లాలో ఆయనకు అందులో దొరుకుతుంది.

వచ్చిన డబ్బు విషయంలో పెద్దలూ పిల్లలూ ఇద్దరూ సంకోచిస్తారు. అడిగితే అనుమానించినట్లవుతుందని పెద్దలు అడగరు, అడగలేదు కదా అని పిల్లలు రాయరు. అపనింద పుట్టేది అక్కడే. కానుకలు ఎవరో ఒకరి సొంత ఫోన్‌పే నంబరుకు వెళ్లకూడదు. ఒకరు లెక్కపెట్టాలి, మరొకరు రాయాలి, ఆ రాత్రే ఇద్దరూ సంతకం చేయాలి. తర్వాతి ఆదివారం రాబడి, ఖర్చు, మిగులు సంఘంలో చదివి వినిపించాలి. ఇరవై ఏళ్ల వయసులో ఇలా లెక్క అప్పజెప్పడం నేర్చుకున్నవారు రేపు సంఘ కోశాధికారి అయినా, పంచాయతీ సభ్యుడైనా దాన్ని మరిచిపోరు.

సెమీ క్రిస్మస్ ఖర్చు ఎక్కువగా షామియానా, సౌండ్, భోజనాల మీదే పోతుంది. వంద మందికి బిర్యానీ అంటే పది పన్నెండు కిలోల బియ్యం, పదిహేను కిలోల పైగా చికెన్ అని ఏ వంటమనిషైనా చెబుతాడు. ఈ లెక్క ముందే వేసుకుని మెనూ తగ్గించుకునే సంఘాలు తక్కువ. అప్పుచేసి పెట్టిన ప్రేమ విందు భారం తర్వాత యూత్ మీదే పడుతుంది. ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పెద్దగా ఉండాలన్న గొడవ లేకుండా ఉండాలంటే అసలు ఫొటోలే లేని ఫ్లెక్సీ వేయడం మేలు.

ఇంతకంటే లోతైన చిక్కు మరొకటుంది. పాడగలిగినవారు, వాయించగలిగినవారు, మైకు పట్టుకుని మాట్లాడగలిగినవారు యూత్ లీడర్లవుతారు. మిగిలినవారు కుర్చీలు వేస్తారు, కుర్చీలు తీస్తారు. రెండేళ్లు కుర్చీలు మోసి, ఒక్కసారి కూడా ఎవరూ పేరు పెట్టి పిలవని కుర్రాడు మూడో ఏడు రాడు. అతను రావడం మానేసిన సంగతి కూడా చాలాకాలం ఎవరికీ తెలియదు. పని పంచేటప్పుడు పాట, వాద్యం, స్కిట్‌తో ఆపకుండా రానివారికి ఫోన్ చేయడం, ముసలివారిని ఆటోలో తీసుకురావడం, లెక్కలు రాయడం, కొత్తగా వచ్చినవారి పక్కన కూర్చోవడం లాంటివి కూడా పేర్లతో ప్రకటించాలి. వీటికీ స్టేజీ మీద పాడిన పాటకిచ్చినంత గౌరవం దక్కాలి. ఈ పని పంపకాన్ని పాస్టరు గారో పెద్దలో చేయకుండా యవనస్థులకే వదలాలి. వారు తప్పు చేస్తే సరిదిద్దడానికి పక్కనే ఉండాలి.

ఈ విషయంలో వీబీఎస్ అన్నిటికంటే మేలైన బడి. మే నెల ఎండలకు ఉదయం ఏడింటికే మొదలుపెట్టి పదిన్నరకు ముగించే ఆ తరగతుల్లో, స్టేజీ అంటే భయపడే పదిహేడేళ్ల అమ్మాయి పదిమంది చిన్నపిల్లలకు కంఠత వాక్యం నేర్పుతుంది. ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్నకు జవాబు తెలియక ఇంటికి వెళ్లి బైబిలు తెరుస్తుంది. ఏ రిట్రీట్ ప్రసంగమూ ఆ అమ్మాయి చేత అంత శ్రద్ధగా చదివించలేదు.

రిట్రీట్‌లో తెల్లవారుజాము అయిదింటి ప్రార్థన నుంచి రాత్రి పదింటి ఆరాధన దాకా ఖాళీ లేకుండా ప్రసంగాలు నింపడం రివాజైపోయింది. వచ్చినవారు మూడో ప్రసంగానికే అలసిపోతారు. ఎనిమిదేసి మందిని ఒక గుంపుగా కూర్చోబెట్టి, ఒక అన్ననో అక్కనో వారితో ఉంచి, మాట్లాడుకోనిస్తే ఉద్యోగం, ప్రేమ, ఇంట్లో తాగుడు, అప్పులు, కులాంతర వివాహం లాంటి అసలు ప్రశ్నలు బయటికొస్తాయి. ఫీజు కట్టలేనివారు ఆ మాట నలుగురిలో చెప్పాల్సిన అవసరం రాకుండా సంఘమే చూసుకోవాలి. రోజు కూలి మానుకుని వచ్చేవారికి ఫీజుతో పాటు ఆ రోజు సంపాదన కూడా పోతుందని గుర్తుంచుకోవాలి.

భద్రత దగ్గర మాత్రం రాజీ ఉండకూడదు. పద్దెనిమిదేళ్లలోపు వారిని బయటికి తీసుకెళ్తే తల్లిదండ్రుల చేత రాయించిన అనుమతి, అమ్మాయిలకు వేరే బస, వారితో ఉండే స్త్రీలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, దగ్గరి ఆసుపత్రి నంబరు తప్పనిసరి. సముద్రంలోకి, నదిలోకి, చెరువులోకి దిగనివ్వకూడదు. విహారానికి వెళ్లి మునిగిపోయిన కుర్రాళ్ల వార్తలు తెలుగు పత్రికల్లో ఏటా వస్తూనే ఉన్నాయి. ఏ పెద్దమనిషీ ఒక పిల్లవాడితోనో పిల్లతోనో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ప్రార్థన కోసమైనా సరే. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటోంది. చెప్పకపోవడమే నేరమవుతుంది. సంఘం పేరు పోతుందని కమిటీ గదిలో మాట్లాడి సర్దుబాటు చేయడం చట్టానికీ విరుద్ధం, సువార్తకూ విరుద్ధం. చైల్డ్‌లైన్ నంబరు 1098ను చర్చి నోటీసు బోర్డు మీద పెట్టాలి.

ఇక వారపు కూడిక. దానికి ఫ్లెక్సీ అక్కర్లేదు, బడ్జెటూ పెద్దగా అక్కర్లేదు. ఏడాదిలో కొన్ని వారాలు మాత్రం అది ఎట్టి పరిస్థితుల్లోనూ జరగాలి. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం వాటిలో మొదటిది. ఫలితాల తర్వాత ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు రెండు తెలుగు రాష్ట్రాలనూ చాలాసార్లు కుదిపేశాయి. సాధారణంగా ఆ ఆదివారం ఎక్కువ మార్కులు వచ్చినవారిని ముందుకు పిలిచి చప్పట్లు కొడతారు, ఫెయిలైనవారు ఆరోజు ఇంట్లోనే ఉండిపోతారు. యూత్ లీడరు ఆ సాయంత్రం ముందుగా వెళ్లాల్సింది వారి ఇళ్లకే. మనసు బాగా కుంగినవారికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416 ఇవ్వాలి, వారితోనే ఉండి ఫోన్ చేయించాలి. ప్రార్థనకూ వైద్యానికీ పోటీ పెట్టకూడదు.

కాలేజీ కోసం, ఉద్యోగం కోసం హైదరాబాదో బెంగళూరో వెళ్లేవారిని ప్రార్థించి పంపడంతో సంఘం పని అయిపోదు. అక్కడ ఏ సంఘంలో చేరబోతున్నారో కనుక్కుని, ఆ పాస్టరుకు ఫోన్ చేసి, అబ్బాయి పేరు చెప్పాలి. 1954లో మొదలైన యూఈఎస్ఐ లాంటి విద్యార్థి సంఘాల ప్రార్థన బృందాలు కొన్ని కాలేజీల్లో ఉన్నాయి, వాటి ఆచూకీ చెప్పాలి. మొదటి రెండు నెలల్లో నాలుగుసార్లు పలకరించాలి. వాట్సాప్ గ్రూపులో రోజూ వాక్యం పెట్టినంత మాత్రాన ఈ పని జరగదు.

నవంబరులో క్రిస్మస్ కమిటీ వేసేటప్పుడు సంఘ పెద్దలు ఒక్క పని చేయాలి. షామియానాకు అడ్వాన్సు ఇవ్వకముందే జనవరి మొదటి శనివారం కూడికకు బాధ్యులెవరో పేర్లు రాయాలి. డిసెంబరులో వచ్చి జనవరిలో రానివారిని వెతికేందుకు ఇద్దరిని నియమించాలి. వారి ఆటో ఖర్చులకు, ఫోన్ ఖర్చులకు క్రిస్మస్ బడ్జెటులోనే కొంత పక్కన పెట్టాలి.