బాలనటుల ఎంపిక

పట్టణంలో బాలల పద్యనాటకానికి పాత్రధారులను ఎన్నుకొంటున్ననాడు నేనూ ఒక మూల కూర్చున్నాను. ఉర్దూ మాతృభాషగా గల ఒక బాలుడు చక్కని శ్రుతిలో పద్యమెత్తుకొన్నాడు. 'బాణము' కాస్తా 'బానము' అయింది. పెద్దలు నవ్వి, హార్మోనియం ఆపించి, పంపివేశారు.

ఉర్దూలో ణకార ళకారాలు లేవు. అది పిల్లవాని లోపం కాదు. 'ఖడ్గము', 'ఘోష' అన్నప్పుడు మహాప్రాణాలను తెలుగింటి పిల్లలకంటె అతడే స్పష్టంగా పలికాడు. అది ఎవరి చెవినీ పడినట్లు లేదు!

1885లో కడప మండలంలో పుట్టిన సురభి నాటక సమాజంలో పిల్లలు తెరచాటున వినివిని నేర్చి రంగమెక్కారు. ణకారం నేర్పడానికి నావంటి తెలుగు ఉపాధ్యాయునికి కొద్దిరోజులు చాలు. గాత్రాన్ని మాత్రం ఇవ్వలేను. మన కళాశాల వార్షికోత్సవ నాటకానికైనా కమిటీవారు ఎంపికను రెండు మార్లు జరిపించాలి: మొదట శ్రుతి, తాళం, పద్యమిచ్చిన ఎనిమిది రోజులకు ఉచ్చారణ.