బేరియాట్రిక్ సర్జరీ: పొట్ట చిన్నదైంది.. మరి తిండి అలవాటు? అసలు పరీక్ష ఆపరేషన్ తర్వాతే!

ఆపరేషన్ చేయించుకుంటే చాలు, బరువు దానంతట అదే తగ్గుతుందని చాలామంది నమ్మకం. మొదటి ఏడాది అది నిజమే అనిపిస్తుంది. కిలోలకు కిలోలు కరుగుతాయి, పాత బట్టలు లూజవుతాయి. కానీ రెండేళ్లు దాటాక కొందరిలో కాంటా ముల్లు మళ్లీ పైకి కదులుతుంది. ఎందుకిలా? జవాబులో పెద్ద భాగం రోజూ తినే తీరులోనే ఉంది.

మన దగ్గర లెక్క ఎంత?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల వారిలో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవాళ్లు తెలంగాణలో మహిళలు 30.1 శాతం, పురుషులు 32.3 శాతం. ఏపీలో మహిళలు 36.3 శాతం, పురుషులు 31.1 శాతం. దేశ సగటు మహిళల్లో 24, పురుషుల్లో 22.9 శాతమే. అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ సగటు కన్నా పైనే ఉన్నాయి.

ఆపరేషన్ ఏం చేస్తుంది? ఏం చేయలేదు?

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో సుమారు 75-80 శాతం తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా అందులోనే పోతుంది. అందుకే నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది.

అయితే టెన్షన్‌లో తినడం, టీవీ చూస్తూ తినడం, నిండినా ఆపలేకపోవడం.. వీటిని ఏ కత్తీ కోయలేదు. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ కొట్టేది కొంచెం కొంచెంగా రోజంతా నమలడం. డాక్టర్లు దీన్ని గ్రేజింగ్ అంటారు. గుప్పెడు మిక్చర్, రెండు ఉస్మానియా బిస్కెట్లు, ఓ ఇరానీ చాయ్.. ఒక్కొక్కటీ చిన్నదే. చిన్న పొట్టలోకి కూడా సులువుగా వెళ్లిపోతాయి. సాయంత్రానికి కేలరీలు మాత్రం కొండలా పేరుకుంటాయి. కూల్‌డ్రింకులు, జ్యూసులు, మిల్క్‌షేక్‌లదీ ఇదే కథ.

అధ్యయనాలు ఏం చెప్పాయి?

స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనంలో బైపాస్ చేయించుకున్నవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ల తర్వాత చూస్తే ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే కొంత తిరిగొచ్చింది, కానీ లాభం చాలావరకు మిగిలింది.

అమెరికాలో 2,000 మందికి పైగా పేషెంట్లను గమనించిన మరో అధ్యయనం 2016లో జామా సర్జరీ పత్రికలో వచ్చింది. తరచూ బరువు చూసుకోవడం, కడుపు నిండగానే ఆపడం, రోజంతా తింటూ ఉండడం మానేయడం.. ఆపరేషన్ తర్వాత ఈ మూడూ అలవాటు చేసుకున్నవాళ్లలో మూడేళ్లకు సగటు తగ్గుదల 38.8 శాతం ఉంటుందని అంచనా వేశారు. ఏ మార్పూ చేసుకోనివాళ్లలో అది 24.6 శాతమే. ఆపరేషన్ అయితే అందరికీ జరిగింది!

తార్నాక పళ్లెం ఏం చెబుతోంది?

ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌ను ఆనుకుని, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2024 మేలో 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. మన శక్తిలో తృణధాన్యాల వాటా 45 శాతం మించొద్దన్నది అందులో కీలకం. వాస్తవంలో అది 50-70 శాతం దాకా ఉంది. హాస్టల్ మెస్‌లో అయినా, ఇంట్లో అయినా కంచంలో అన్నం గుట్ట, పక్కన గరిటెడు పప్పు.. తేడా ఎక్కడుందో చూస్తే తెలుస్తుంది.

సర్జరీ అయినవాళ్లు మాత్రం ఈ పళ్లెాన్ని యథాతథంగా పాటించలేరు. వాళ్ల పొట్టలో అంత పట్టదు. వాళ్లకు చెప్పేది వరుస మార్చమని. ముందు ప్రోటీన్: పప్పు, గుడ్డు, చేప, పెరుగు. తర్వాత కూర. చివర్లో చోటుంటేనే అన్నం. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అందాలి. భోజనంతో పాటు నీళ్లు తాగకుండా అరగంట గ్యాప్ ఇవ్వాలి. ప్రోటీన్ పౌడర్లు వద్దని ఎన్ఐఎన్ చెప్పింది సాధారణ జనానికి. సర్జరీ పేషెంట్లకు డాక్టర్ రాస్తే వాడాల్సిందే. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలూ అంతే.

తప్పంతా పేషెంట్‌దేనా?

కాదు. బరువు తగ్గిన శరీరం ఖర్చు చేసే శక్తిని తగ్గించేసుకుంటుంది. హార్మోన్లు, కొన్ని మందులు కూడా ప్రభావం చూపుతాయి. కాబట్టి 'నోరు కట్టుకోలేకపోయావ్' అని నిందిస్తే, పేషెంట్ సిగ్గుతో చెకప్‌కే రావడం మానేస్తాడు. అసలు నష్టం అక్కడే.

వ్యవస్థలో లోపమూ ఉంది. 2019లో ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన ప్రామాణిక షరతుల ప్రకారం బీఎంఐ 40 దాటితే, లేదా తీవ్ర జబ్బులతో 35 దాటితే బీమా వర్తించొచ్చు. షరతులన్నీ ఆపరేషన్ వరకే. తర్వాత ఏళ్ల తరబడి కావాల్సిన డైటీషియన్, కౌన్సెలర్ ఊసు అందులో లేదు. లక్షలు పెట్టి చేయించుకున్న సర్జరీ ఫలితం నిలవాలంటే ఆస్పత్రిని ఎంచుకునే ముందే ఒక ప్రశ్న అడగాలి: 'ఆపరేషన్ అయ్యాక రెండో ఏడాది, మూడో ఏడాది నన్ను ఎవరు చూస్తారు?'