అప్పీలు లేని తీర్పు

అండమాన్ నికోబార్ దీవులకు శాసనసభ లేదు. లోక్‌సభలో వారికి ఉన్నది ఒకే ఒక్క స్థానం. పాలన కేంద్రం తరఫున వచ్చే లెఫ్టినెంట్ గవర్నరుది. తమ బతుకులను శాసించే నిర్ణయాలలో తమ మాటకు ఎంత విలువ ఉంటుందో ద్వీపవాసులకు ఎవరూ కొత్తగా పాఠం చెప్పనక్కరలేదు. అయితే ఆ దీవులలోనే ఒక చిన్న వర్గం ఇదే నిస్సహాయతను రెండోసారి కూడా అనుభవిస్తున్నది. చార్టర్డ్ అకౌంటెన్సీ తుది పరీక్షకు కూర్చునే విద్యార్థులు వారు. తమ భవిష్యత్తును తేల్చే సంస్థలో వారికి ఓటు లేదు. తమ జవాబుపత్రం మీద వెలువడిన తీర్పుకు అప్పీలు లేదు.

ముందుగా అంకెలు చూద్దాం. లెక్కల వృత్తి గురించి మాట్లాడేటప్పుడు లెక్కలతో మొదలుపెట్టడమే మర్యాద. 2023 నవంబరులో తుది పరీక్ష రెండు గ్రూపులనూ ఒకేసారి రాసినవారు 32,907 మంది. రెండింటా నెగ్గినవారు 3,099 మంది, అంటే 9.42 శాతం. ఆరు నెలలు తిరిగేసరికి, 2024 మే నెలలో, అదే ఉత్తీర్ణత 19.88 శాతానికి ఎగబాకింది. మరో ఆరు నెలలకు 13.44 శాతానికి జారింది. 2025 మే నాటికి మళ్లీ 18.75 శాతానికి చేరింది. మే 2024 నుంచి కొత్త పాఠ్యప్రణాళిక వచ్చిందనీ, ఎనిమిది పేపర్లు ఆరయ్యాయనీ, 30 శాతం మార్కులు బహుళైచ్ఛిక ప్రశ్నలకు వెళ్లాయనీ సమర్థకులు చెబుతారు. మొదటి పెరుగుదలకు ఆ వివరణ కొంతవరకు సరిపోతుంది. కానీ అదే పాఠ్యప్రణాళికతో, అదే ప్రశ్నల ధోరణితో జరిగిన తదుపరి పరీక్షలో ఆరు శాతానికి పైగా పతనం ఎందుకు వచ్చినట్లు? దేశంలోని విద్యార్థుల తెలివితేటలు సముద్రపు పోటుపాటుల్లా ఆరు నెలలకోసారి పొంగి తగ్గుతాయని నమ్మగలిగినవారికి ఈ ప్రశ్న తోచకపోవచ్చు. తక్కినవారికి తోచక మానదు.

ఈ వాదన పరీక్షను సులభం చేయమని కాదు. కంపెనీల లెక్కలు సక్రమమని సంతకం పెట్టే మనిషికి లోతైన జ్ఞానం ఉండవలసిందే. మదుపరుల పొదుపు, బ్యాంకుల అప్పు, ప్రభుత్వపు పన్ను ఆ సంతకం మీద ఆధారపడి ఉంటాయి. కఠినమైన పరీక్ష వేరు, జవాబుదారీ లేని పరీక్ష వేరు. మొదటిది వృత్తికి గౌరవం తెస్తుంది, రెండోది ఆ గౌరవాన్ని తినేస్తుంది. ఈ రెంటినీ కావాలని కలగాపులగం చేసి, ప్రశ్నించిన ప్రతి విద్యార్థినీ చదవలేక సాకులు వెతికేవాడిగా చిత్రించడం ఈ వ్యవస్థ సమర్థకులకు అలవాటైన ఎత్తుగడ.

నిబంధనలు ఎలా పనిచేస్తాయో ఒక్క ఉదాహరణతో చూడవచ్చు. ఇప్పుడు ఒక గ్రూపులో మూడు పేపర్లు. ప్రతి పేపరులో కనీసం 40, మూడింటి మొత్తంలో 50 శాతం, అంటే 300కు 150 రావాలి. ఒక విద్యార్థికి రెండు పేపర్లలో 58 చొప్పున, మూడోదానిలో 39 వచ్చాయనుకుందాం. మొత్తం 155. సగటు దాటింది. అయినా గ్రూపు పోయింది. పోనీ, బాగా రాసిన రెండు పేపర్లయినా మిగులుతాయా అంటే, మినహాయింపుకు 60 మార్కులు కావాలి. కనుక మూడూ మళ్లీ మొదటి నుంచి రాయాలి. మరొకరికి 50, 50, 49 వచ్చాయనుకుందాం. మొత్తం 149. ఒక్క మార్కు తక్కువ. ఫలితం అదే. బ్రిటన్‌కు చెందిన ఏ.సి.సి.ఏ. వంటి అర్హతలలో ఏ పేపరుకు ఆ పేపరు విడిగా నెగ్గవచ్చు, నెగ్గినది నెగ్గినట్లే ఉంటుంది. ఇక్కడ ఒక్క మార్కు ఒక విద్యార్థి జీవితంలో నెలల కాలాన్ని మింగేస్తుంది.

ఒక్క మార్కుకు ఇంత బలం ఉన్నప్పుడు ఆ మార్కు సరిగ్గా పడిందో లేదో అడిగే దారి ఉండాలి కదా? ఉండదు. మార్కులలో 70 శాతం వర్ణనాత్మక జవాబులకే. వాటిని దిద్దేది మనిషి. మనిషికి అలసట ఉంటుంది, తొందర ఉంటుంది, ఒకే జవాబుకు ఇద్దరు వేర్వేరు మార్కులు వేయడం ఏ పరీక్షలోనైనా సహజం. కానీ 1988 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల నిబంధనలలో 39(4) ప్రకారం విద్యార్థికి దక్కేది పరిశీలన మాత్రమే. కూడిక సరిగా ఉందా, ఏ జవాబైనా దిద్దకుండా వదిలేశారా అన్న రెండు సంగతులే చూస్తారు. జవాబుకు తగిన మార్కు పడిందా అన్న అసలు ప్రశ్నకు అక్కడ తావు లేదు. రుసుము కడితే జవాబుపత్రం నకలు ఇస్తారు. సంస్థే ప్రచురించే సూచిత సమాధానాలను దాని పక్కన పెట్టుకొని చూడవచ్చు. రెండూ కలిసినా మార్కు ఎందుకు కోసుకుపోయిందని అడగడానికి వీలు లేదు. గాయాన్ని అద్దంలో చూపించి, మందు మాత్రం ఇవ్వని వైద్యం ఇది.

అదే నియమావళిలో రెండు మెట్లు పైన 39(2) ఉంది. ఉత్తీర్ణత ప్రమాణాలను నిలబెట్టుకోవడానికి అవసరమనుకుంటే అభ్యర్థులందరి మార్కులనో, వారిలో ఒక వర్గం మార్కులనో సవరించే విచక్షణాధికారాన్ని అది సంస్థ మండలికి ఇస్తుంది. ఈ రెంటినీ పక్కపక్కన చదివితే వ్యవస్థ స్వభావం తేటతెల్లమవుతుంది. వేలమంది మార్కులను మూకుమ్మడిగా సవరించే హక్కు సంస్థకు ఉంది. తన ఒక్క మార్కును మళ్లీ చూడమని కోరే హక్కు వ్యక్తికి లేదు. మార్కు మార్చరానిది అనే సూత్రం ఇక్కడ లేనే లేదు. ఎవరు అడిగితే మారుతుంది అన్నదే తేడా.

దీనిపై విద్యార్థులు మౌనంగా ఏమీ లేరు. 2019 సెప్టెంబరులో ఢిల్లీ ఇంద్రప్రస్థ మార్గ్‌లోని సంస్థ కేంద్ర కార్యాలయం ముందు వందలాది మంది బైఠాయించి పునర్మూల్యాంకనం కోరారు. ప్రతిపక్ష నాయకులు మద్దతు ప్రకటించారు. సంస్థ ఒక ఉన్నత స్థాయి కమిటీ వేసింది. కమిటీలు వేసి ఆవేశాన్ని చల్లార్చడం మన ప్రజాస్వామ్యంలో పాత విద్యే. న్యాయస్థానాల వైపు చూసినా పెద్దగా ఊరట లేదు. 2011లో సుప్రీంకోర్టు జవాబుపత్రం చూసుకునే హక్కును సమాచార హక్కులో భాగంగా గుర్తించింది. అయితే అదే ఏడాది సెప్టెంబరులో ఈ సంస్థకు సంబంధించిన కేసులోనే, పరీక్షకులకు గోప్యంగా ఇచ్చిన మార్గదర్శకాలను వెల్లడించనక్కరలేదని తేల్చింది. నిబంధనలలో లేనప్పుడు పునర్మూల్యాంకనాన్ని హక్కుగా కోరలేరని మరో కేసులో స్పష్టం చేసింది. కనుక తాళం న్యాయస్థానం చేతిలో లేదు. నిబంధన రాసినవారి చేతిలో ఉంది.

ఆ నిబంధన ఎవరు రాస్తారు? 1949 నాటి చట్టం కింద ఏర్పడిన మండలిలో ఎన్నికైన సభ్యులు 32 మంది వరకు, కేంద్రం నియమించేవారు 8 మంది వరకు ఉంటారు. ఎన్నుకునేది అప్పటికే పరీక్ష గట్టెక్కి సభ్యులైన చార్టర్డ్ అకౌంటెంట్లు. గట్టెక్కని విద్యార్థికి ఓటు లేదు. ఏరు దాటినవారే తెప్ప గురించి నిర్ణయిస్తారు, ఒడ్డున నిలబడినవారు చూస్తూ ఉండాలి. మండలి చేసే నిబంధనలకు కేంద్ర ప్రభుత్వ ఆమోదం కావాలి, వాటిని పార్లమెంటు ముందు ఉంచాలి. అంటే ఇది స్వయంప్రతిపత్తి గల సంస్థ సొంత వ్యవహారం అని కార్పొరేట్ వ్యవహారాల శాఖ చేతులు కడుక్కోవడం కుదరదు. 2022లో ఇదే చట్టాన్ని పార్లమెంటు సవరించింది. వృత్తిదారులపై క్రమశిక్షణ విచారణల పద్ధతి మారింది. పరీక్ష రాసేవారి గోడు మాత్రం ఆ సవరణ గడప తొక్కలేదు.

ఇప్పుడు ద్వీపాలకు తిరిగి వద్దాం. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా 3,80,581. వారిలో 13.24 శాతం, అంటే సుమారు 50 వేల మంది, తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరతరాలుగా వలస వెళ్లి చేపలవేట, కూలి, చిరువ్యాపారం, ప్రభుత్వోద్యోగాలతో నిలదొక్కుకున్న కుటుంబాలు ఇవి. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం ఉంది. కానీ ఈ తుది పరీక్షలో జవాబు రాయడానికి ఇంగ్లీషు లేదా హిందీ మాత్రమే దిక్కు. 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురంగా పిలుస్తున్న పోర్టు బ్లెయిర్ నుంచి విశాఖకు సముద్రమార్గంలో దాదాపు 1,200 కిలోమీటర్లు. ఓడ ఎక్కితే రెండు మూడు రోజుల ప్రయాణం. చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో అందేదాకా అక్కడి ఇంటర్నెట్టు ఉపగ్రహాల మీదే నడిచింది. మెయిన్‌ల్యాండ్ విద్యార్థికి అప్పటికే అలవాటైపోయిన ఆన్‌లైన్ పాఠం ద్వీప విద్యార్థికి ఆ తరువాతే నిజంగా అందుబాటులోకి వచ్చింది.

కాలేజీ చదువుతో పని తీరదు. రెండేళ్ల ఆర్టికల్‌షిప్ ఉంటుంది. ప్రభుత్వ శాఖలు, పర్యాటకం, చేపల వ్యాపారం చుట్టూ తిరిగే ఆర్థికవ్యవస్థలో పెద్ద కంపెనీల ఆడిట్, అంతర్జాతీయ పన్నుల పని నేర్చుకునే అవకాశం తక్కువ. నేర్చుకోవాలంటే సముద్రం దాటాలి. దాటకుండా అక్కడే ఉంటే మరో శిక్ష. ఆర్టికల్ సహాయకులకు ఇవ్వవలసిన కనీస భృతిని నిబంధనలు ఊరి జనాభాను బట్టి నిర్ణయిస్తాయి. 20 లక్షలు పైబడిన నగరాలకు ఒక రేటు, 4 నుంచి 20 లక్షల వరకు మరొకటి, 4 లక్షల లోపు ఊళ్లకు అన్నిటికన్నా తక్కువ. ఆ దీవులన్నిటినీ ఒక్క ఊరిగా కలిపి లెక్కించినా ఆ జనగణన ప్రకారం 4 లక్షలు దాటదు. బియ్యం నుంచి పుస్తకం దాకా ఎన్నో సరుకులు ఓడ మీద దిగి, ఆ మేరకు ధర పెరిగే చోట, భృతి మాత్రం దేశంలోకెల్లా కనిష్ఠం. తక్కువ జనాభా అంటే తక్కువ ఖర్చు అని ఊహించుకున్నవారు ద్వీపాన్ని ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇలాంటి విద్యార్థికి 149 మార్కులు వచ్చాయంటే పోయేది ఒక్క మార్కు కాదు. మెయిన్‌ల్యాండ్‌లో అద్దె, రానుపోను ప్రయాణం, ఇంట్లో తమ్ముడి చదువుకు దాచిన డబ్బు అన్నీ పోతాయి. హైదరాబాదు విద్యార్థి కూడా అదే మార్కుకు తప్పవచ్చు. అతని బాధ తక్కువేమీ కాదు. కానీ తప్పును సరిదిద్దే దారి లేని వ్యవస్థలో దూరంగా ఉన్నవాడే ఎక్కువ మూల్యం చెల్లిస్తాడు. ఇక ప్రాతినిధ్యం మాటకొస్తే, సంస్థ ప్రాంతీయ విభజనలో అండమాన్ తూర్పు ప్రాంతంలో, కోల్‌కతా మండలి కింద ఉంది. తెలుగు రాష్ట్రాలు చెన్నై కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంతంలో ఉన్నాయి. ద్వీపంలోని తెలుగు విద్యార్థి ఇటూ కాడు, అటూ కాడు.

పరీక్ష ఇలా ఉంటేనే వృత్తిలో నిజాయితీ నిలుస్తుందని వాదించేవారు 2009 జనవరి 7ను గుర్తు చేసుకోవాలి. సత్యం కంప్యూటర్స్ ఖాతాలలో వేల కోట్ల రూపాయల కల్పిత నిల్వలు బయటపడిన రోజది. ఆ ఖాతాలు సక్రమమని ఏటా సంతకాలు చేసినవారు ఈ పరీక్ష నెగ్గినవారే. 2017 జూలై 1న సంస్థ వ్యవస్థాపక దినోత్సవంలోనే ప్రధాని, పదకొండేళ్లలో చర్యలు ఎదుర్కొన్నది 25 మందేనని నిలదీశారు. మరుసటి ఏడాది ఆడిట్‌ల పర్యవేక్షణకు ప్రత్యేక జాతీయ ప్రాధికార సంస్థను కేంద్రం ఏర్పాటు చేయవలసి వచ్చింది. గడప దగ్గర కర్కశత్వం, గడప దాటాక ఉదారత, ఇదీ ఇన్నాళ్ల నీతి. ఒక్క మార్కు తక్కువైన కుర్రవాడిపై చూపించిన పట్టుదలలో సగం, సంతకం అమ్ముకున్నవారిపై చూపించి ఉంటే వృత్తి ప్రతిష్ఠ మరోలా ఉండేది.

చేయవలసినవి అసాధ్యాలేమీ కావు. ఉత్తీర్ణతకు అతి సమీపంలో ఆగిపోయిన జవాబుపత్రాలనైనా మరో పరీక్షకుడు దిద్దేలా 39(4)ను సవరించాలి. 39(2) కింద ఎప్పుడు, ఏ పేపరులో, ఎంతమేరకు మార్కులు సవరించారో ప్రతి ఫలితంతోపాటు ప్రకటించాలి. భృతిని జనాభా తూకంతో కాక జీవనవ్యయంతో ముడిపెట్టాలి. లక్షల మందిని పునర్మూల్యాంకనం చేయడం ఎలా సాధ్యం అన్న అభ్యంతరం వస్తుంది. కోరినది లక్షల మందికి కాదు, ఒకటి రెండు మార్కుల అంచున నిలిచినవారికి. ఎన్నో విశ్వవిద్యాలయాలు ఏటా చేస్తున్న పని దేశపు లెక్కలన్నీ సరిచూసే సంస్థకు చేతకాదంటే నమ్మేదెవరు?

2023 మార్చిలో పోర్టు బ్లెయిర్ పురపాలక మండలి అధ్యక్షపీఠం తెలుగుదేశం సభ్యురాలికి దక్కినప్పుడు తెలుగు నాయకులు సముద్రం అవతల కూడా తమ జెండా ఎగిరిందని మురిసిపోయారు. నేడు అదే పార్టీ 16 మంది లోక్‌సభ సభ్యులతో కేంద్ర ప్రభుత్వానికి ఊతకర్రగా ఉంది. అండమాన్ సభ్యుడు పాలకపక్షం వాడే. నిబంధనకు ఆమోదం తెలపవలసిన మంత్రిత్వశాఖ కూతవేటు దూరంలో ఉంది. జెండా ఎగరడం వల్ల ద్వీపంలోని తెలుగు పిల్లలకు ఒరిగిందేమిటో చెప్పవలసిన వేళ ఇది. ఎవరి లెక్కలకైనా ఆడిట్ తప్పదని బోధించే సంస్థ తన మార్కుల లెక్కకు మాత్రం ఆడిట్ అక్కరలేదంటున్నది. ఆ మాటకు పార్లమెంటు మౌనంగా ఆమోదముద్ర వేస్తూ పోతే, ఆ బాధ్యతలో దానికీ వాటా ఉన్నట్లే.