తాకితే చాలు...

కుష్ఠు సోకినవాణ్ని ఏసు చేత్తో తాకాడు. ఆయన్ను నమ్మినవాళ్లకు అంతకన్నా వేరే ఆజ్ఞ ఎందుకు? స్కాట్లాండ్ డాక్టరమ్మ ఇసబెల్ కెర్ అలాగే అనుకుందేమో! 1907లో మనదేశం వచ్చింది. అప్పట్లో కుష్ఠు అంటే కన్నవాళ్లే ఇల్లు వెళ్లగొట్టే రోజులు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో భర్త జార్జ్‌తో కలిసి వాళ్లకోసం ఆసుపత్రి తెరిచింది. అందుకు డబ్బిచ్చి ఆదుకున్నది ఓ హిందువు, రాజా నర్సాగౌడ్. (నాకు మరీ నచ్చిన సంగతి ఇదే.) మందంటే చాల్‌మూగ్రా నూనె సూదులు. భరించలేని నొప్పి. నెలల తరబడి పొడిపించుకోవాలి. ఇప్పుడైతే ఆర్నెల్లో ఏడాదో మాత్రలు మింగితే నయం, అదీ సర్కారు దవాఖానాలో ఉచితంగా. అయినా, 'నా భర్తకు కుష్ఠు, విడాకులివ్వండి' అని అడిగే వీలును చట్టాల్లోంచి తీసేసింది 2019లో! ఆ జాబితాలో క్రైస్తవుల విడాకుల చట్టమూ ఉంది.