కిటికీ తీస్తే గది చల్లబడుతుందా?

కిటికీకి మన పెద్దలు వాడిన సంస్కృతపు పేర్లు రెండున్నాయి. ఆవు కన్నులా వుంటుందని గవాక్షం. గాలికి దారి గనుక వాతాయనం. ఈ రెండో పేరులో గాలి వుంది గాని, చల్లగాలి అని లేదు. వేసవిలో మనం మరచిపోయేది సరిగ్గా ఈ సంగతే. ఉక్కపోసిందంటే చాలు, నడిమధ్యాహ్నమైనా సరే, "ఆ కిటికీ కాస్త తెరవండర్రా" అంటాము.

కిటికీకి తనంత తానుగా చల్లబరిచే గుణం లేదు. లోపలి గాలిని పంపి బయటి గాలిని తేవడమే దాని పని. బయట చల్లగా వుంటే గది చల్లబడుతుంది. బయట నిప్పులు చెరుగుతూ వుంటే ఆ వేడే లోపలికి వస్తుంది.

నా మాట నమ్మనక్కరలేదు, మీ పిల్లలచేత పరీక్ష చేయించండి. గోడకు తగిలించే ధర్మామీటర్లు రెండు కావాలి. జ్వరం చూసేది పనికిరాదు. ముందు రెంటినీ అరగంటసేపు పక్కపక్కన వుంచి, తేడా వుంటే రాసుకోవాలి. తరువాత ఒకదాన్ని గదిలో గోడకు తగలకుండా, రెండోదాన్ని బయట నీడలో వేలాడదీయాలి. ఒకరోజు పగలంతా కిటికీలు తెరిచి, మరునాడు మూసి, గంటగంటకూ అంకెలు రాయాలి. రెండు రోజుల ఎండా ఒకటి కాదు గనుక, లోపలికీ బయటికీ వున్న తేడానే పోల్చి చూడాలి.

సాయంకాలం ఒక వింత కనబడుతుంది. బయట చల్లబడ్డాక కిటికీ తీస్తే లోపలి అంకె కొద్ది నిమిషాల్లోనే దిగుతుంది. చాలునని మూస్తే మళ్ళీ ఎక్కుతుంది! పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తుగల గదిలోని గాలి బరువు సుమారు 40 కిలోలు. దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించే వేడితో 10 లీటర్ల నీళ్ళు మాత్రమే ఒక డిగ్రీ వేడెక్కుతాయి. గోడలూ శ్లాబూ అయితే టన్నుల బరువు. అవి పగలంతా తాగిన ఎండను రాత్రి కక్కుతాయి. గాలి మారడానికి నిమిషాలు చాలు, గోడ చల్లారడానికి గంటలు కావాలి. అందుచేత దోమల జాలీ బిగించుకుని అయినా సరే, కిటికీలు తెల్లవార్లూ తెరిచి వుంచాలి. సూర్యోదయ సమయమే సాధారణంగా అన్నిటికంటె చల్లని వేళ. బయటి అంకె లోపలి అంకెను దాటబోతుండగా మూసి, తెరలు దించాలి.

ఎదురెదురు కిటికీలుంటే గాలి బాగా ఆడుతుంది. వేడిగాలి పైకి లేస్తుంది గనుక ఎత్తున వెంటిలేటరు వుండడం మేలు. మండువా లోగిలి నడుమ ఆకాశానికి తెరిచిన చోటు చేసే ఉపకారాల్లో ఇదీ ఒకటి.

అయితే గడియారం చూసి మూయకండి, ధర్మామీటరు చూసి మూయండి. విశాఖపట్నం వంటి తీరాన మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే తెరవడమే మంచిది. వంటగదికి ఈ సూత్రం వర్తించదు. పొయ్యి వెలిగినంతసేపూ అక్కడ కిటికీ తెరిచే వుండాలి.

ఇదంతా పిల్లల ఆట అనుకోకండి. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండువేలమందికి పైగా చనిపోయారు; వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారు. ఎండలో తిరిగేవారికే కాదు, ఇంటిపట్టున మంచం మీద వుండే ముసలివారికీ వడదెబ్బ తగులుతుంది. డాబా కింది గదిలో, తెరిచిన కిటికీ పక్కన మామ్మగారి మంచం వేసి, ఫాను తిప్పి, గాలి బాగా తగులుతోందని తృప్తిపడతాము. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఆ ఫాను వేడిగాలినే ఒంటిమీదికి తోస్తుంది. అప్పుడు ఆవిడను కింది అంతస్తుకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, మజ్జిగో మంచినీళ్ళో ఇస్తూ వుండాలి.

పిల్లలు రాసిన అంకెలు పూర్తయ్యాక, కిటికీ తీసే వేళా మూసే వేళా పెద్ద అక్షరాలతో రాయించి ఆ గది తలుపుకే అంటించండి.